గోడవైపు తిరిగిన పిల్ల

జూన్ 3

నాన్నా,

నువ్వూ బుల్లీ బాగున్నారనుకుంటే తప్ప నాకు ముద్ద దిగదు కాబట్టి, బాగున్నారనే అనుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళ సంగతి రాయను. రాస్తే నువ్వు మళ్ళీ మందుల పేర్లు రాస్తావు.

గౌను కుట్టి పంపాను, అందిందా? పార్సిలు ఆఫీసులో కళ్ళజోడు అతను మూటని విసిరినట్టు పెట్టాడు తక్కెట్లో. గౌనుకి దెబ్బ తగులుతుందా అంటావు నువ్వు. తగలదు, తెలుసు. అయినా ఇంటికొచ్చేదాకా అదే ధ్యాస. నీలం గుడ్డ, తెల్ల చుక్కలు. ఉతికి, ఆరేసి, అప్పుడు కుట్టాను. రంగు దిగదు.

ఒకటి చెప్పాలి. నువ్వు పంపిన కొలతలు తప్పు. ఎడమ చెయ్యి ఒక పొడవు, కుడి చెయ్యి ఇంకో పొడవు. ఒక భుజం ఒకలా, రెండోది ఇంకోలా. అద్దాలు కోసేవాడివి, వెంట్రుకవాసి తేడా రానివ్వవు కదా, పిల్ల కొలతలు ఇలాగేనా తియ్యడం? అది కదిలిపోయి ఉంటుందిలే అని నేనే సరిచేశాను. రెండు చేతులూ సమానంగా కుట్టాను. ఇన్నేళ్ళుగా స్కూలు యూనిఫారాలు కుడుతున్నదాన్ని, ఆ మాత్రం సర్దుకోలేనా.

ఇక అసలు సంగతి. ఆ ప్రత్యేకం బడివాళ్ళ హాస్టల్లో చోటు ఖాళీ అయిందని రాశావు. రాసి ఊరుకున్నావు. చేర్పిస్తున్నావా లేదా? చేర్పించు నాన్నా. దానికి పదకొండు దాటుతున్నాయి, ఆడపిల్ల, తల్లి లేదు. ఇవాళో రేపో పెద్దదవుతుంది. అప్పుడు నువ్వేం చేస్తావు? ముందు గదిలో నీ అద్దాల షాపు, వెనక గదిలో అది. అద్దం పగిలి ముక్క ఎగిరి దానిమీద పడినట్టు నాకు కల కూడా వచ్చింది. దాని మెడ ఎప్పుడూ గోడవైపే కదా. గోడని చూస్తూ పడుకునే పిల్లకి ఏ గోడైతే ఏమిటి? అక్కడ ఆయాలుంటారు, డాక్టరుంటాడు. నీ నడుమైనా మిగులుతుంది.

ఫోను చెయ్యకు. నాకు గుడగుడ తప్ప ఏమీ వినపడదు. ఏదో చెడ్డకబురు చెప్పావేమోనని రోజంతా ఏడుస్తాను. ఉత్తరమే రాయి.

అమ్మ


జూన్ 11

అమ్మకి,

గౌను అందింది. కళ్ళజోడు అతను విసిరినా ఏమీ కాలేదు. రంగు బుల్లికి నచ్చింది. కానీ పట్టలేదు.

కొలతలు తప్పు కాదమ్మా. దాని ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకునే ఉంటుంది. కుడి భుజం పైకి లేచి ఉంటుంది. వీపు ఒక పక్కకి ఒరిగింది. నువ్వు దాన్ని చివరిసారి చూసినప్పుడు దానికి మూడేళ్ళు, అప్పుడింత లేదు. ఉన్నది ఉన్నట్టే కొలిచి రాశాను. నువ్వు సరిచేసింది కొలతల్ని కాదు, పిల్లని. కోప్పడటం లేదు. నవ్వొచ్చింది. చేతులు కత్తిరించి దిండు గలీబు చేశాను, అది బాగుంది.

హాస్టల్ సంగతి జులై పదిలోగా చెప్పమన్నారు. బడి పెద్ద మేడమ్ మంచావిడే. నాకే ఎటూ తేలడం లేదు. ఒక రోజు పంపుదామనిపిస్తుంది, ఒక రోజు ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుంటాను. దాన్ని ఎత్తినప్పుడల్లా పొత్తికడుపులో పట్టేసినట్టుంటోంది. బరువు పెరుగుతోంది, మంచిదే కదా.

నిన్న ఇంకో నిలువుటద్దం బిగించాను. ఒక్కడివల్ల అయ్యేది కాదు, ఆవిడ వచ్చి పట్టుకుంది. ఈమధ్య ఆవిడ లేకపోతే ఈ ఇల్లు నడవదు.

బుల్లి ఆరోగ్యం బాగుంది. రోజూ పొద్దున ఎనిమిది అయ్యేసరికి మాత్రం ఇల్లెగిరిపోయేట్టు అరుస్తుంది. వంటింట్లోకి పరుగెత్తి పాలు వెచ్చబెట్టి తెస్తాను, కాసేపటికి ఊరుకుంటుంది. గడియారం మింగినట్టుంది.

నీ కొడుకు


జూన్ 18

నాన్నా,

నీ ఉత్తరం నేను చదివి, మళ్ళీ కింద మందుల షాపు అమ్మాయి చేత చదివించాను, నా కళ్ళకి వేరేగా కనిపించిందేమోనని. ఆ అమ్మాయి కూడా ‘ఆవిడ’ అనే చదివింది.

ఎవర్రా ఆవిడ?

నేను తిట్టను. కోడలు పోయి ఎనిమిదేళ్ళు. నువ్వు రాయివా రప్పవా? ఎవరైనా ఉంటే ఉండనీ. కానీ నిలువుటద్దం ఏమిట్రా? అది కూడా ‘ఇంకో’ నిలువుటద్దం! అంటే ముందే ఒకటుంది. అన్ని అద్దాల ముందు నిలబడి సింగారించుకునే మనిషి బుల్లి నోరు తుడుస్తుందా? పక్కబట్టలు మారుస్తుందా? ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు గానీ, అందుకేనా నువ్వు హాస్టల్ గురించి అటూ ఇటూ ఊగుతున్నావు? ఆవిడ పంపించెయ్యమంటోందా? నేనూ పంపమనే చెప్పాను, నిజమే. నేను చెప్పడం వేరు, ఆవిడ చెప్పడం వేరు.

పొత్తికడుపు నొప్పని ఒక ముక్క రాసి వదిలేశావు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా? మీ నాన్న కూడా ఇలాగే ఒక ముక్క చెప్పి వదిలేసేవాడు.

గౌను ఇంకోటి కత్తిరించాను, ఈసారి నువ్వు రాసినట్టే. గళ్ళ గుడ్డ. నా చెయ్యి నా మాట వినలేదు, ప్రతిచోటా సమానం చెయ్యాలనే వెళ్తుంది. బల్లమీద పరిచి చూస్తే, బండి కింద పడి లేచిన గౌనులా ఉంది. యూనిఫారాల యజమాని చూసి ‘కళ్ళు ఆనడం లేదా పెద్దమ్మా’ అన్నాడు. ఏం చెప్పను? ‘ఒక చోట అడిగారు’ అన్నాను.

వెంటనే రాయి. ఆవిడ సంగతి ముందు రాయి.

అమ్మ


జూన్ 25

అమ్మకి,

ఆవిడ సంగతి ముందే రాస్తున్నాను. ఆవిడకి ముగ్గురు మనవలు. పక్కింట్లో ఉంటుంది. ఆ బడికి వ్యాను నడుపుతుంది. మీసం లేదన్నమాటే గానీ గొంతు విన్నవాళ్ళెవరూ నన్ను అనుమానించరు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే నవ్వి నవ్వి కుర్చీ పట్టుకుంది. ‘మీ అమ్మని రమ్మను, ఇద్దరం కలిసి సింగారించుకుంటాం’ అంది.

అద్దాల సంగతి రాస్తే తెలియదు, చూడాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. హెర్నియా అట. జులై మూడున ఆపరేషన్. పదిరోజులపైనే ఆసుపత్రిలో ఉండాలి, పొడిదగ్గు కూడా ఉంది కాబట్టి కుట్లు జాగ్రత్త అంటున్నారు. భయపడకు. ఈ మాట నీకు రాయడం దండగ, అయినా రాశాను.

బుల్లిని ఈ పదిరోజులూ హాస్టల్లో ఉంచమని పెద్ద మేడమ్ అంటోంది. అలవాటైతే అక్కడే ఉంచెయ్యచ్చు అని కూడా అంది. లేదా నువ్వు రావాలి. నీకు కష్టం. రమ్మని అడుగుతున్నానని కాదు, ఊరికే చెబుతున్నాను. వస్తే, పొద్దునా సాయంత్రం ఎత్తడానికి వ్యానావిడ వస్తుంది. తినిపించేటప్పుడు తల కొంచెం ముందుకి వంచాలి, వెనక్కి పోతే పొలమారుతుంది. అడిగినదానికి అవునంటే పైకి చూస్తుంది. కాదంటే కళ్ళు గట్టిగా మూస్తుంది. నిజంగానే చెబుతుందమ్మా. ఇదివరకోసారి రాస్తే నువ్వు ‘పిచ్చి నాన్న, ఏదో ఊహించుకుంటున్నావు’ అన్నావు.

నీ కొడుకు


జులై 5

నాన్నా,

ఈ ఉత్తరం వ్యానావిడ చేతికిచ్చి పంపుతున్నాను. నీ కుట్లు ఎలా ఉన్నాయో కళ్ళతో చూసి చెప్పమన్నాను. ‘పంచె విప్పి చూపించమంటానా పెద్దమ్మా?’ అంది. మంచి మనిషే. గొంతు సంగతి నువ్వు తక్కువే రాశావు, నాక్కూడా వినపడుతోంది.

ఆపరేషన్ ముందురోజు నా బస్సు ఆలస్యమై నేనొచ్చేసరికి నువ్వు సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. ‘లోపలుంది’ అని వెళ్ళిపోయావు. నేనొక్కదాన్నీ లోపలికి వెళ్ళాను. దానికంటే ముందు నీ అద్దాలు చూశాను. గోడకి రెండు నిలువుటద్దాలు, తలుపు పైన వంచి కట్టిన అద్దం, కిటికీ చట్రానికి రెండు, పైకప్పు మూల ఒకటి. ఎటు చూసినా నేనే, ముక్కలు ముక్కలుగా. ఒకదాంట్లో నా ముక్కు, ఒకదాంట్లో నా మూట. పిల్ల గదిలో ఇదేం సర్కసు, వీడికి మతి పోయిందా అనుకుని, దాని పక్కనున్న అద్దంమీద దుప్పటి కప్పాను.

బుల్లి కళ్ళు మూసుకుంది. గట్టిగా, మొహమంతా ముడతలు పడేట్టు. నొప్పేమోనని కడుపు నిమిరాను. ఇంకా గట్టిగా మూసింది. అప్పుడు నువ్వు రాసింది గుర్తొచ్చింది. ‘అద్దానికి కప్పకూడదా?’ అన్నాను. కళ్ళు విప్పి పైకి చూసింది. దుప్పటి తీసి, ‘ఇప్పుడు సరేనా?’ అన్నాను. మళ్ళీ పైకి చూసింది. నేను నేలమీద కూలబడ్డాను నాన్నా. దాని ఎదురుగా కూర్చుని, ‘నేనెవరో తెలుసా?’ అన్నాను. పైకి. ‘నానమ్మనా?’ పైకి. ‘నేను వంకరగా కుట్టిన గౌను తెచ్చాను, వేసుకుంటావా?’ పైకి. ఎవరైనా చూస్తే నేను పిల్లతో కబుర్లాడుతున్నాననుకునేవాళ్ళు. ఆడుతూనే ఉన్నాను! మాట పలికేది నోరొక్కటే అనుకుని బతికాను ఇన్నాళ్ళూ.

సాయంత్రం వ్యానావిడ ఎత్తి పట్టుకుంటే ఆ గళ్ళ గౌను తొడిగాను. బల్లమీద ఉన్నప్పుడు దాని గళ్ళు తలో దిక్కూ పోయేవి. దానికి తొడిగి, వెనక బొత్తాము పెట్టి, వెనక్కి జరిగి చూశాను. గళ్ళు నిలువుకి నిలువు, అడ్డానికి అడ్డం, తిన్నగా నిలబడ్డాయి. కింద అంచు నీ అద్దం అంచులా ఉంది. నా చేతులతో ఇన్ని గౌన్లు కుట్టాను, తొడిగించాను, ఎప్పుడూ ఇలా చూస్తూ ఉండిపోలేదు. వ్యానావిడ ‘చెయ్యి లాగుతోంది, దింపనా పెద్దమ్మా’ అనేదాకా చూశాను.

తినిపించడం వచ్చింది. ఒకసారి పొలమారింది, నా ప్రాణం పోయింది, దానిది పోలేదు. అది నన్ను చూసి నవ్వింది కూడా.

మందులు వేసుకో. మంచం దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగు.

అమ్మ


జులై 7

అమ్మకి,

కుట్లు బాగానే ఉన్నాయి. వ్యానావిడ నిజంగానే చూపించమంది, నర్సు తరిమేసింది.

రెండు రోజులుగా పడుకుని ఆలోచిస్తున్నాను. ఆరు నెలలు బరువు ఎత్తొద్దన్నారు. అద్దాలే ఎత్తొద్దంటే బుల్లిని ఎలా ఎత్తను? నేను పడిపోతే దానికి ఎవరున్నారు? నువ్వు మొదటినుంచీ చెబుతున్నదే సరి. హాస్టల్లో చేరుద్దాం. పెద్ద మేడమ్ రేపో ఎల్లుండో ఇంటికొస్తుంది, సరేనని చెప్పెయ్యి. దాని బట్టలు పైనున్న ఆకుపచ్చ పెట్టెలో ఉన్నాయి. అద్దాలు మాత్రం ఊడదియ్యకు. నేనొచ్చి తీస్తాను.

నేను వచ్చేలోగా పంపించెయ్యి. నేను ఎదురుగా ఉంటే అది నన్ను చూస్తుంది. అప్పుడు నావల్ల కాదు.

నీ కొడుకు


జులై 9

నాన్నా,

పెద్ద మేడమ్ వచ్చింది. నేను సరేననలేదు. కంగారుపడకుండా చివరిదాకా చదువు.

పొద్దున ఎనిమిదికి అరుస్తుందన్నావు. మొదటిరోజు అరిచింది. నువ్వు చెప్పినట్టే పాలు వెచ్చబెట్టి తెచ్చాను. పెదాలు బిగించింది, పాలన్నీ గౌనుమీదే. రెండోరోజూ అంతే. నీ దగ్గర తాగేదేమో, నా చేతి పాలు నచ్చలేదేమో, నేను ముసలివాసన వేస్తున్నానేమో, ఇలా ఎన్ని అనుకున్నానో. నిన్న పాలు పక్కనపెట్టి, ఏం కనిపించి అరుస్తోందో చూద్దామని దాని పక్కనే పడుకున్నాను. చెంప దాని చెంపకి ఆనించి, మెడ దాని మెడలాగే తిప్పి.

ఒరేయ్. ఏం కట్టావురా!

గోడకున్న అద్దంలో తలుపు అద్దం, అందులో కిటికీ అద్దం, అందులోంచి వీధి. ఎదురింటి మేడమీద బట్టలు ఆరేసే పిల్ల. చెప్పులు కుట్టే అతని గొడుగు. నేను కిటికీలోంచి తొంగిచూసినా కనపడని మలుపు, దాని అవతల చెట్టు, చెట్టుమీద ఆకాశం. ఇటు పక్క అద్దంలో వంటింటి పొయ్యి. ఇంకోదాంట్లో ముందు గది, నువ్వు అద్దాలు కోసే బల్ల, నువ్వు లేని నీ స్టూలు. మెడ ఒక్క ఇంచీ తిప్పలేని పిల్లకి ఊరంతా తెచ్చి గోడలో పెట్టావు. ఏ గోడైతే ఏమిటని నీకు రాసిన మనిషిని నేనే. చాలాసేపు నోరు తెరుచుకుని అలాగే చూశాను. ఈగ దూరినా తెలిసేది కాదు.

అప్పుడే మలుపు తిరిగి వ్యాను వచ్చింది. పసుపు వ్యాను, మన వ్యానావిడదే, పిల్లల్ని ఎక్కించుకుని బడికి పోతోంది. కిటికీల నిండా మొహాలు. ఒక్కో అద్దంలోంచి ఇంకో అద్దంలోకి దూకుతూ వెళ్ళింది. నా చెవి పక్కన బుల్లి అరిచింది చూడు, ఈ చెవిటిదానికి కూడా చెవులు గింగిర్లెత్తాయి. వ్యాను వెళ్ళిపోయింది. ఊరుకుంది.

పాలకి ఊరుకోవడం లేదు నాన్నా. నువ్వు వంటింట్లో పాలు కాస్తూ ఉండేవాడివి కాబట్టి నీకు వ్యాను కనపడలేదు. వచ్చేసరికి అది వెళ్ళిపోయేది.

పెద్ద మేడమ్ వచ్చి కూర్చున్నాక, ‘ఒక్క నిమిషం ఆగండి, మేం దీన్నే అడగలేదు’ అన్నాను. ఆవిడ ఎదురుగానే బుల్లిని అడిగాను. వ్యాను ఎక్కుతావా? పైకి. ఆ పిల్లల దగ్గరికి వెళ్తావా? పైకి. అక్కడే ఉండిపోతావా, హాస్టల్లో? కళ్ళు మూసింది. నాన్నకి ఎత్తడం కష్టమని వెళ్తానంటున్నావా? అవుననలేదు, కాదనలేదు. అద్దంలో నీ బల్లవైపు చూసింది. ‘పోనీ, పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చేస్తావా?’ అన్నాను. పైకి చూసింది. అలా చూస్తూనే ఉంది, రెప్ప వెయ్యలేదు, తెల్లగుడ్డు తప్ప ఏమీ కనపడలేదు. నాకు భయమేసి, ‘చాల్లే తల్లీ, అర్థమైంది, కళ్ళు దించు’ అన్నాను.

పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళే పిల్లలూ ఉన్నారట. ఇలాంటి పిల్లకైతే రోజంతా తోడుమనిషి కూర్చోవాలట. షాపు వదిలి నువ్వు కూర్చోలేవని నీకు చెప్పలేదట ఆవిడ. ‘నేను కూర్చుంటాను’ అన్నాను. ‘మీకు చదువొచ్చా’ అని అడిగింది. ‘మా అబ్బాయిని ఉత్తరాలతో వేపుకుతినేంత వచ్చు’ అన్నాను. ఎత్తడానికి వ్యానుకి ఏటవాలు చెక్క ఉంది, వ్యానావిడ ఉంది. యూనిఫారాల యజమానికి ఇక రానని కార్డు రాసేశాను. వాడు నాకు కళ్ళు ఆనడం లేదన్నాడు కదా, ఇంకొకళ్ళని చూసుకుంటాడు.

రేపటిలోగా మేడమ్‌కి చెప్పాలి. తండ్రివి, నీ మాట కావాలి. నేను అడగడం లేదు, అది అడుగుతోంది. నేను రాస్తుంటే నా కలంకేసే చూస్తోంది.

అమ్మ


జులై 10

అమ్మకి,

నీ ఉత్తరం చదివి గోడవైపు తిరిగి పడుకున్నాను. పక్కమంచం ఆయన ‘చెడ్డకబురా?’ అన్నాడు. కాదన్నాను.

రోజూ ఏదో ఒకటి అడిగేవాణ్ణమ్మా దాన్ని. ఆకలా, దాహమా, తడిసిందా, నొప్పా. ఎక్కడికైనా వెళ్తావా అని మాత్రం అడగలేదు. వెళ్ళాలనుంటుందని తోచలేదు. దానికి చూపించడానికి అన్ని అద్దాలు బిగించినవాణ్ణి, చూసినదాన్ని అందుకోవాలనిపిస్తుందని ఎందుకు తోచలేదో తెలియడం లేదు. కొంచెం నొప్పిగానే ఉంది. కుట్ల దగ్గర కాదు.

పంపించు. అవునని చెప్పు మేడమ్‌కి. దానికి ముందు చెప్పు, తర్వాత మేడమ్‌కి.

వ్యానులో కుడిపక్క కూర్చోబెట్టండి, మెడ కిటికీవైపు ఉంటుంది. వీపు ఒరిగిన చోట దిండు పెట్టు. ఆసుపత్రి ముందునుంచే వ్యాను పోతుందని ఆవిడ చెప్పింది. నాది మొదటి అంతస్తు, రోడ్డువైపు కిటికీ. నిన్నటినుంచి లేచి నిలబడనిస్తున్నారు. సోమవారం ఎనిమిది దాటాక కిటికీ దగ్గర ఉంటాను. దానికి చూపించు.

నీ కొడుకు


జులై 14

నాన్నా,

వెళ్ళొచ్చాం. ఇద్దరం బతికే ఉన్నాం.

చెక్కమీంచి దాని చక్రాల కుర్చీ ఎక్కించేటప్పుడు నేను దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచాను. వ్యానావిడ ‘అందరూ ఎక్కితే చోటు చాలదు పెద్దమ్మా’ అంది. కుడిపక్కే కూర్చోబెట్టాం. దిండు పెట్టాను. తలుపు వేశారు. బుల్లి అరవలేదు. చప్పుడే లేదు. ఊపిరి తీస్తోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

రెండో మలుపులో రెండు జడల పిల్ల ఒకతి ఎక్కింది. కాళ్ళకి ఇనుపపట్టీలు, నోరు మాత్రం ఆగదు. వచ్చి మా ముందు సీటులో వెనక్కి తిరిగి, కిటికీకి అడ్డంగా తల పెట్టుకుని కూర్చుంది. బుల్లిని చూసి నాలుక బయటపెట్టి మెల్లకళ్ళు పెట్టింది. బుల్లి చూసింది. ఆ పిల్ల బుగ్గలు ఊదింది. బుల్లికి నవ్వొచ్చింది. లోపల్నుంచి ఒళ్ళంతా ఊగే నవ్వు. నేను దాని పక్కన పదిరోజులుగా ఉన్నాను, అలాంటి నవ్వు వినలేదు. ఆ పిల్ల ఇంకా చేసింది, ఇది ఇంకా నవ్వింది. వెనక సీటు పిల్లలు లేచి చూశారు. అద్దంలో కాదు నాన్నా, ఎదురుగా, జానెడు దూరంలో, ఊపిరి తగిలేంత దగ్గరగా ఒక మొహం. అది ఆ మొహాన్ని చూసే చూపు నేను రాయలేను. నాకంత చదువు లేదు.

అప్పుడే ఆసుపత్రి వచ్చింది. ‘బుల్లీ, అదిగో నాన్న! పైన, కిటికీలో!’ అన్నాను. గట్టిగానే అన్నాను. వ్యానావిడ కూడా బండి నెమ్మది చేసి ‘అదిగో, అదిగో’ అంది.

అది చూడలేదురా. జడల పిల్ల ముక్కు పైకెత్తి పందిలా చేస్తోంది, దానికి తీరిక లేదు.

నేను చూశాను. తెల్లచొక్కా, ఒక చెయ్యి కడుపుమీద, ఒక చెయ్యి కిటికీ ఊచమీద. వ్యాను కిటికీలోంచి నీకో చెయ్యి ఊగుతూ కనపడి ఉంటుంది. అది నాదే.

అమ్మ